విడిదియిండ్ల యలంకారము

ఐరోపాఖండమున పల్లెపట్టులందును సముద్రతీరములందును జనులు విశ్రాంతికై కట్టుకొనిన యిండ్లను ఎట్లు సింగారింపవలెనో బోధించు సచిత్రగ్రంథములు ఒక పెద్ద తెగ. ఆంగ్లమున ఇవి యేటేట వెలువడుచునే యుండును. కాగితము దళసరి, ఛాయాచిత్రములు విశాలములు, వచనము స్వల్పము. పది గ్రంథములు చదివిన పిమ్మట ఒక గ్రంథమునే పదిమాఱులు చదివితిమా యను సందేహము కలుగును. పల్లెయిల్లయినచో తెల్లని సున్నపుగోడ, పైరంగు అక్కడక్కడ లేచిపోయిన కుర్చీ, పూవులచ్చు వేసిన తెర, పేముబుట్టలో ఎండుగడ్డిపూలు. సముద్రపుటిల్లయినచో నీలిచారల గుడ్డ, మోకుచుట్ట, గాజుపాత్రలో గుల్లలు, గోడను ఒక లంగరు. చిత్రము క్రింద రంగు పేరుండును. ఆ రంగు దొరకు అంగడి పేరుండును. ఛాయాగ్రాహకుని పేరు తప్పక యుండును. ఆ తెర నెవరు నేసిరి, ఆ కుర్చీ యచ్చటి కేల వచ్చెను, ఆ గోడ కా రంగే యేల వేసిరి అను ప్రశ్నలు గ్రంథకర్తలకు తోచినట్లు లేదు.

ఇట్టి గ్రంథములను విలాసవస్తువులని త్రోసివేయుట నా యుద్దేశము కాదు. సంస్కారప్రియులలో కొందఱు సౌందర్యమును ఆడంబరమును ఒకే మూటగ కట్టి రెంటిని వీధిలో పాఱవేయుదురు. వారి యిండ్లలో కూర్చుండుటకు కుర్చీయుండును గాని కూర్చుండవలెనను కోరిక పుట్టదు. మనుష్యుడు దినమునకు సగముసేపు గడపుచోటు కంటి కింపుగ నుండవలె ననుకొనుట దోషము కాదు. నా ఫిర్యాదు వేఱొకటి. ఈ గ్రంథములు అలంకారమును తీసికొని, దానిని పుట్టించిన బ్రతుకును, దానిని చేసిన చేతిని విడిచిపెట్టుచున్నవి. అందు విడువబడిన చేయి తఱచుగ స్త్రీలది. ఈ మాట ఎంతవఱకు నిజమో రెండు మూడు ప్రసిద్ధగృహములను పరిశీలించి చూతము.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమందున్న క్షేమేంద్రుడు "ఔచిత్యవిచారచర్చ" యను చిన్న గ్రంథము వ్రాసెను. నగ తన చోట నున్నప్పుడే నగ యనియు, చోటు తప్పినచో నవ్వు పుట్టించుననియు అతని సిద్ధాంతము. కవిత్వమును గూర్చి చెప్పినదే యైనను గృహాలంకరణమున కింతకంటె మంచి తూనిక నాకు దొరకలేదు. ఈ తూనికకు మొదట నిలువవలసినది ఫ్రాన్సురాణి మరీ ఆంత్వానెత్ పల్లె. 1783లో ఆమె వెర్సాయ్ ఉద్యానమున రిషార్ మీక్ అను శిల్పిచే ఒక కృత్రిమమైన కుగ్రామము కట్టింప నారంభించెను. చెఱువుగట్టున కప్పు లొరిగినట్లుండు కుటీరములు, నీటిచక్రముగల మర, పాలయిల్లు. వెలుపలిగోడల గచ్చు క్రొత్తదే; కాని చిత్రకారులను నియమించి ఆ క్రొత్తగచ్చుమీద బీటలు వ్రాయించిరి, ఇటుకలు అరిగినట్లు రంగు వేయించిరి. లోపలికి పోయినచో పాలయింట చలువరాతి బల్లలు, వానిమీద సెవ్ర్ పింగాణిపాత్రలు. న్యాయముగ చెప్పవలెనన్న అచ్చటి పొలము ఉత్తుత్తి పొలము కాదు; ఆవు లుండెను, పాలును గ్రుడ్లును రాణి బల్లకు వచ్చుచుండెను. అయినను ఆ వ్రాసిన బీటలు నా మనస్సును విడువవు. పేదవాని గోడ బీటలు వాఱుట వాని కోరిక కాదు. దానిని కోరికగ మార్చి రంగు డబ్బాలోనుండి తీయవచ్చునని రాణికి తోచినది. ఆఱేండ్లకు, 1789 అక్టోబరులో, పారిసుస్త్రీలు రొట్టెకై నడిచి వచ్చి రాజకుటుంబమును వెర్సాయ్ నుండి తమవెంట తీసికొనిపోయిరి.

ఆ బీటలు రాణితో పోలేదు. క్రొత్త బల్లను గరుకుకాగితముతో గీచి, అంచులలో రంగు పోగొట్టి, నూఱేండ్లు వాడినట్లు కనబడజేయు విద్య నేడొక వ్యాపారము. "షాబీ షిక్" అని దానికి పేరు. ఇంగ్లండునుండి వెళ్లిన ఒక వనిత 1989లో కాలిఫోర్నియాలో ఆ పేరనే అంగడి తెఱచినది. పాతవస్తువును పాఱవేయక వాడుకొమ్మనుట మొదట అందున్న మంచి బుద్ధి. అది త్వరలోనే క్రొత్తవస్తువును పాతదానిగ చేసి యమ్ముటలోనికి దిగెను. ఏండ్లతరబడి పిల్లలు ఎక్కి దిగిన కుర్చీయంచు అరుగును. ఆ యరుగుదలలో ఒక కుటుంబచరిత్ర యున్నది. కర్మాగారములో ఒక గడియలో అరిగిన యంచున నున్నది కూలివాని యొక గడియ మాత్రమే.

రాణిపల్లె కట్టనారంభించిన 1783లోనే వెర్సాయ్ కు సమీపముననున్న జూయీ గ్రామపు అద్దకపు కర్మాగారమునకు రాజు బిరుదమిచ్చి గౌరవించెను. 1760లో ఓబెర్కాంఫ్ అను నతడు దానిని స్థాపించెను. ఈ యద్దకపు విద్య అక్కడిది కాదు. పల్లెయింటికి ప్రాణమని సచిత్రగ్రంథములు పొగడు పూవుల తెర, ఆంగ్లేయులు "షింట్జ్" అను గుడ్డ, మన కోరమాండలుతీరమునుండి ఓడ నెక్కినది. ఆంగ్లేయుల వర్తకస్థానము 1611లో మచిలీపట్టణమున వెలసెను. కరక్కాయరసమున నానవేసి, పటికతో రంగు పట్టించి, చిరువేరుతో ఎఱుపెక్కించి, పాఱునీట ఉతికి ఎండవేసిన గుడ్డ ఎన్ని చాకిరేవులు చూచినను వెలియకుండుట ఐరోపావారికి వింతయయ్యెను. అందఱు దానినే కొనుచుండిరి. తమ నేతగాండ్ర గోడు విని ఫ్రాన్సుప్రభుత్వము 1686లో ఇట్టి గుడ్డల నిషేధించి 1759వఱకు ఆ నిషేధమును నడిపెను. ఇంగ్లండు 1700లోను 1721లోను చట్టములు చేసెను. నిషేధము తొలగిన మఱుసటి యేడే జూయీలో కర్మాగారము వెలసినదన్నచో ఎంత యాతురతతో కాచుకొనియుండిరో చదువరులే యూహింపగలరు. తరువాత యంత్రము వచ్చెను, అద్దకము చవుకయయ్యెను, అది యింగ్లీషుపల్లె సొంతసొత్తన్నంతగ పేరు పడెను. నేనిప్పుడు ఆ గుడ్డ మాదని వ్యాజ్యము వేయుట లేదు. కళలు ఓడ లెక్కుట లోకసహజము. కాని "సిసలైన ఇంగ్లీషు పల్లెసొగసు" అని చిత్రము క్రింద వ్రాయువారికి పెడన, మచిలీపట్టణముల అద్దకపువారి సంగతి ఒక పంక్తియైన తెలిసియుండవలదా?

ఇక రాణిపల్లెకు సరిగా ఎదురునిలుచు ఇల్లు స్వీడనులో నున్నది. దలార్నా ప్రాంతమున ఫాలున్ పట్టణమునకు చేరువ సుండ్‌బోర్న్ అను పల్లె. అచ్చట ఏటియొడ్డున "లిల్లా హుట్‌నేస్" అను కొయ్యయిల్లు. చిత్రకారుడు కార్ల్ లార్సన్ (1853–1919), అతని భార్య కారిన్ (1859–1928) అందు కాపురముండిరి. కారిన్ తండ్రి 1888లో దానిని వారికిచ్చెను. మొదట వేసవివిడిదిగ వాడుకొని, 1901లో అచ్చటనే స్థిరపడిరి. ఆ ప్రాంతపు ఇండ్లకు పూయు ఎఱ్ఱరంగును ముందు చెప్పవలెను. అది ఫాలున్ రాగిగనియొద్ద రాగి తీసిన పిమ్మట మిగిలిన మన్నునుండి వచ్చును. అందలి యినుము, రాగి, తుత్తునాగముల పాలు కొయ్యను చివుకకుండ కాపాడును, వెల తక్కువ. గని 1992లో మూతపడినను పూర్వము త్రవ్వి పోసిన మన్నునుండి ఆ రంగును నేటికిని తీయుచున్నారు. "స్వీడను ఎఱుపు" అని యిప్పుడు డబ్బాలలో అమ్ముడగు సొగసు మొదట వానకు తడియు కొయ్యకు చేసిన వైద్యము.

ఇంటిలోపల సంగతియు నట్టిదే. కారిన్ స్టాక్‌హోమ్ కళాశాలలో చిత్రలేఖనము నేర్చిన స్త్రీ. ఫ్రాన్సులో గ్రే గ్రామమందలి చిత్రకారుల బసలో కార్ల్ ఆమెను కలిసికొనెను, 1883లో వివాహమయ్యెను. తరువాత ఎనమండుగురు బిడ్డలు. ఒకడు పసితనముననే పోయెను. ఆమె కుంచెను దాదాపు విడిచిపెట్టినది. ఇచ్చట మన చదువరులు నిట్టూర్పు విడుతురు, నేనును విడిచితిని. కాని ఆమె చేతికి పని తప్పలేదు, పనికి పట్టు మాఱినది. పెద్దలనుండి వచ్చిన పాతకుర్చీలకు తెలుపు వేయించిరి. భోజనపుగదికి ఎఱుపును ఆకుపచ్చయు వేయించిరి. బరువైన తెరలు తీసివేసిరి. కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. అచ్చట డిసెంబరుమాసమున పగలు ఆఱుగంటలైన నుండదు. ఉన్న వెలుగును గోడనుండి గోడకు మోసికొనిపోవుటకే ఆ తెలుపు. దానినే తెచ్చి మన వేసవియెండలో నలుదిక్కుల పూసికొని కండ్లు చికిలించుకొనువా రున్నారు. క్షేమేంద్రుని నవ్వు అట్టివారికే.

కారిన్ మగ్గముమీద నేసిన వస్తువులను గూర్చి యింకను ఎక్కువ చెప్పవలసియున్నది. 1903లో భోజనపుగదికి "చతుర్భూతములు" అను తివాసి నేసెను. (మనకు పంచభూతములు, ఆకాశమును వారు లెక్కలో చేర్చరు.) అందు ఆకృతులు సరళములై, పూవో జంతువో అనుటకంటె రేఖయు రంగును అనదగినట్లుండును. ఆ కాలపు ఐరోపాగృహములలో కుచ్చులు వ్రేలాడు పట్టుతెరలప్రక్క దీనిని నిలిపినచో ముప్పదియేండ్లు ముందు పుట్టినదా యనిపించును. కార్ల్ పడకగదికిని ఆమె పడకగదికిని నడుమ తలుపునకు బదులు ఒక తెర. "ప్రేమగులాబి" అని దాని పేరు. ఊయలకుర్చీ నామె గీచి యిచ్చినది, పూలకుండీల పీటను గీచి యిచ్చినది, ఊరివడ్రంగి చేసెను. తనకును కుమార్తెలకును నడుము బిగింపని వదులైన యుడుపులు కుట్టుకొనెను. బిడ్డల నెత్తుకొనువారికి బిగుతు రవికె ఎంత బాధయో ఆమెకు పుస్తకము చదివి తెలిసికొనవలసిన పని లేదు. ఈ యలంకారములలో ప్రతిదానికిని ఒక అవసరము తల్లి.

లోకమునకు ఈ యిల్లు తెలిసినది కార్ల్ వలన. ఒక వేసవిలో వానలు విడువక కురియుచుండ బయట పని లేక తిరుగుచున్న భర్తతో, ఇంటిలోపలిదే వ్రాయరాదా యని కారిన్ చెప్పెనట. అట్లు పుట్టిన నీటిరంగుచిత్రములు ఇరువదినాలుగు చేర్చి 1899లో "ఒక యిల్లు" అను పేర గ్రంథముగ ప్రకటించెను. ఇట్టి సచిత్రగృహగ్రంథములలో దీనికంటె మేలైనది నేను చూడలేదు. జపానుముద్రణచిత్రముల నుండి నేర్చిన స్పష్టమైన రేఖ, నడుమ పలుచని రంగు. ఒక చిత్రములో కిటికీగూట పూలకుండీల వరుస. బాలిక యొకతె నీరు పోయుచున్నది. బల్లమీద సగములో విడిచిన అల్లిక. ఇంకొకదానిలో పిల్లలు నిద్రించిన పిమ్మట దీపముక్రింద కారిన్ ఒంటరిగ కూర్చుండి పని చేసికొనుచున్నది. నేటి సచిత్రగ్రంథములకును దీనికిని భేదమేమనగా, ఇందలి గదులలో మనుష్యు లున్నారు, కుక్క యున్నది, ఎవరో యిప్పుడే లేచిపోయిన జాడ యున్నది. ఛాయాగ్రాహకుడు వచ్చునని అల్లికపని నెత్తి దాచినవారు లేరు.

లోపము లేదా? ఉన్నది. ఆ గ్రంథమున ఎల్లప్పుడు ఎండ కాయుచుండును. దినమునకు ఆఱుగంటల వెలుగైన లేని శీతకాలము, కార్ల్ మనస్సును పలుమాఱు క్రమ్మిన విషాదము, 1905లో పెద్దకుమారుడు ఉల్ఫ్ పదునెనిమిదేండ్లకే పోవుట, ఇవి ఆ చిత్రపరంపరలో చొరలేదు. స్టాక్‌హోమ్ నగరపు మురికిసందులలో బీదతనముతో పెరిగినవాడు తన బిడ్డలకై ఎండను ఏరి కూర్చుట నాకు అర్థమగుచున్నది. దానిని తప్పని యనలేను. నేను తప్పనునది పేరు సంగతి. చిత్రములు కార్ల్‌వి గనుక చిత్రములలోని యిల్లును కార్ల్‌దే యయ్యెను. 1909లో జర్మనుభాషలో "ఎండలోని యిల్లు" అను చవుకకూర్పు వెలువడి కొద్దిమాసములలో నలుబదివేల ప్రతులు చెల్లినవి. ఆ నలుబదివేల యిండ్లలో తివాసిని చూచి మెచ్చినవారు చిత్రకారునే మెచ్చిరి. భార్య చిత్రములో కూర్చున్న యొక యందమైన వస్తువు. ఆ రోజులలోనే ఎల్లెన్ కీ అను సంస్కర్త్రి 1899లో "అందఱకు సౌందర్యము" అను గ్రంథము ప్రకటించి, కూలివాని గదియు సొంపుగ నుండవచ్చునని, దానికి ధనముకంటె వివేకము ముఖ్యమని వాదించుచుండెను. ఆ వాదమునకు బ్రతికియున్న నిదర్శనము సుండ్‌బోర్న్ ఇల్లే. ఆ నిదర్శనమున సగముపాలు మగ్గముముందు కూర్చున్నామెది.

లండనునగరమందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలవారు 1997లో ఒక ప్రదర్శనము జరిపి దాని పేరులోనే కార్ల్, కారిన్ ఇరువురిని స్వీడనుగృహశైలికి కర్తలుగ పేర్కొనిరి. ఆమె గతించి అప్పటికి అఱువదితొమ్మిదేండ్లు. విచిత్రమేమనగా అదే యేట స్టాక్‌హోమ్ జాతీయచిత్రశాల, కార్ల్ తన జీవితమునకు తలమానికమని తలంచి వ్రాసి, వారిచే తిరస్కరింపబడిన "మకరసంక్రాంతిబలి" వంటి దొక పురాణచిత్రమును, "మిడ్‌వింటర్‌బ్లూట్" అను దానిని, తుదకు కొనెను. అతడు రాజుల చిత్రమువలన నిలువదలచెను. లోక మతనిని పూలకుండీలవలన నిలిపెను. ఆ యిల్లు నేటికిని వారి సంతతివారి యధీనమున నున్నది. వెళ్లి చూడవచ్చును.

పల్లెనుండి సముద్రమునకు పోదము. సముద్రపువిడిది యనగనే ఆంగ్లేయులకు తోచునది బ్రైటనులోని రాజభవనము. 1815 మొదలు 1822 వఱకు జాన్ నాష్ దానిని పునర్నిర్మించెను: పైన హిందూదేశపు గుమ్మటములు, లోపల చీనానాగములు. వంటయింటి యినుపస్తంభములకు తాటియాకులు. ఆ గుమ్మటములను కట్టించిన యువరాజు మన దేశమెన్నడు చూడలేదు. 1914 మొదలు 1916 వఱకు యుద్ధమున గాయపడిన మన సిపాయీలను ఆ గుమ్మటములక్రిందనే పడుకొనబెట్టి చికిత్స చేసిరి. వారు కండ్లు తెఱచి పైకి చూచి యేమనుకొనిరో గదా! అలంకారము తన యర్థమును తానే యెఱుగని యిల్లది. ఇంతకంటె దానితో పని లేదు.

నిజమైన సముద్రపుటిల్లు ఫ్రాన్సు దక్షిణతీరమున రొక్‌బ్రూన్ కాప్ మార్తాన్ వద్ద కొండవాలున నున్నది. ఐలీన్ గ్రే అను ఐర్లండుస్త్రీ (1878–1976) 1926 మొదలు 1929 వఱకు దానిని కట్టెను. ఆమె పారిసులో సుగవారా యను జపానుపనివానివద్ద లక్కపూత నేర్చి, ఆ పనిలోనే చేతులు చెడగొట్టుకొని, తరువాత సాములు, తివాసులు, తుదకు ఇండ్లు కల్పించినది. ఇంటి పేరు "ఇ 1027". ఇ అనగా ఐలీన్. పదవ యక్షరము జె, రెండవది బి, అవి ఆమె చెలికాడును సహకారియు నైన ఝాన్ బదొవిసి పేరివి. ఏడవది జి, అనగా గ్రే. ఇంటిపేరులో ఇరువురి పేర్లను పెనవేసి, ఆయన అక్షరములను తన యక్షరముల నడుమ పొదిగినది.

ఈ యింట లంగరు లేదు, గుల్లలు లేవు. ఓడనుండి ఆమె తీసికొన్నది చిహ్నమును గాదు, ఓడవాని పొదుపును. చిన్నగదిలో అన్నియు చేతి కందునట్లు అమర్చుట, గోడలోనే బీరువాలు, జరుపు కిటికీలు, ఓడపైతట్టు కుర్చీనుండి పుట్టిన వాలుకుర్చీ. ఒక బల్లమీద బెండుపలక పఱచినది. గిన్నెలు పెట్టునప్పుడు చప్పుడు కాకుండుటకై. మంచముప్రక్క బల్లకు గాజుపలక, ఉక్కుగొట్టపు కాలు. పాదము మంచముక్రిందికి దూఱును. గొలుసుకు కట్టిన చీల తీసి యెత్తు మార్చుకొనవచ్చును. పక్కమీదనే ఫలాహారము చేయువారి కుపయోగము. ప్రవేశద్వారమున మెల్లగ లోనికి రమ్మని అక్షరములు అచ్చువేసినది. ఇల్లు నివసించుటకైన యంత్రమని ఆ కాలపు శిల్పులు చెప్పుచుండ, అది మనుష్యుని కవచము, అతని దేహమునకే పొడిగింపు అని ఆమె యభిప్రాయము. అలంకారము వద్దన్నవారిలో నామె చేరలేదు. అలంకారమును వాడుకలోనికి కరగించినది. (వసారాకమ్మికి ఓడవాని తేలుచక్ర మొకటి వ్రేలాడదీసిన మాట నిజము. ఆ యొక్కచోట ఆమెయు వేడుకకు లొంగినది, క్షమింతము.)

కొన్ని యేండ్లకు ఆమె బదొవిసిని విడిచి, ఇంటిని విడిచి, కస్తెల్లారు కొండలలో వేఱొక యిల్లు కట్టుకొని పోయెను. 1938, 1939 సంవత్సరములలో బదొవిసి యతిథిగ వచ్చిన లె కార్బూజియే, ఆ శతాబ్దమున మిక్కిలి ప్రసిద్ధుడైన వాస్తుశిల్పి, ఆ తెల్లని గోడలమీద పెద్దపెద్ద చిత్రములు వ్రాసెను. ఇంటివాడు సమ్మతించెను. ఇల్లు కట్టినామె నడుగువారు లేరు. అడుగనందులకు ఆమె దానిని గృహధ్వంసమని తలంచినది. ఆ చిత్రములు పత్రికలలో ప్రకటింపబడినపుడు ఆమె పేరు కనబడలేదు. పోయెట్టి గోడయైన పరవాలేదు గదా యనువారికి నా ప్రత్యుత్తర మిది: ఆ గోడ ఖాళీగ విడువబడిన గోడ కాదు. వచనములో విరామమెట్టిదో ఆ తెలుపు అట్టిది. విద్యార్థి వ్రాసిన వ్యాసపు అంచులలో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో వ్రాయుట నా యెఱుగని పని కాదు. కాని అంచు చాలదని వ్యాసముమీదనే తన పద్యము వ్రాసి, క్రింద తన సంతకము చేయు నుపాధ్యాయుని నే నెఱుగను.

వ్రాయబడిన చిత్రములు మంచివా చెడ్డవా యను విచారణ ఇచ్చట అప్రస్తుతము. మేటి చిత్రకారుడు వ్రాసినను చోటు తప్పినది చోటు తప్పినదే. దీనికి ఎదురువాద మున్నది, దానిని దాచను. యుద్ధకాలమున సైనికులు ఆ గోడలపై తుపాకులు కాల్చిరి. 1956లో బదొవిసి చనిపోయెను. అప్పుడు ఇల్లు అన్యాక్రాంతమై కూలకుండ మంచిచేతిలో పడునట్లు చూచినది తన చిత్రములమీది మమకారముచేత లె కార్బూజియేయే. అతడు ఆ సమీపముననే 1952లో తనకొక చిన్న కొయ్యగుడిసె కట్టుకొనెను. 1965లో ఆ సముద్రముననే యీదుచు మరణించెను. ఆ బొమ్మలే లేకున్న ఇల్లు మిగులకపోయెడిదని కొందఱు చెప్పుదురు. కావచ్చును. దొంగ తాను తీసికొన్న నగను భద్రముగ దాచెననుట కూడ నిజమే కావచ్చును; నగ యెవరిదను ప్రశ్న అందువలన తీఱదు.

1968లో జోసెఫ్ రిక్‌వర్ట్ అను పండితుడు ఆమె పనినిగూర్చి ఇటలీపత్రిక యొకదానిలో వ్రాయువఱకు ఆమెను లోకము దాదాపు మఱచియుండెను. అప్పటికామెకు తొంబదియేండ్లు. ఆమె చేసిన నాగముల చేతికుర్చీ యొకటి 2009లో పారిసు వేలమున రెండుకోట్ల పందొమ్మిదిలక్షల యూరోలకు పోయెను. ఇంటిని 1999లో తీరసంరక్షణసంస్థ కొని, బాగుచేయించి, 2015లో జనులకు తెఱచినది; 2021నాటికి మరమ్మతులు ముగిసినవి. లె కార్బూజియే చిత్రముల నుంచిరి. చెఱపవలెనని నేనును అనను. జరిగిన యన్యాయమునకు ఆ గోడలే సాక్షులు, సాక్షిని చంపుట తగదు. పోయిన బల్లలు, కుర్చీలు పాతఛాయాచిత్రములు చూచి తిరిగి చేయించి యథాస్థానముల నుంచిరి.

ఆ మంచముప్రక్క బల్లకు నకళ్లు నేడు దేశదేశముల అమ్ముడగుచున్నవి. నేను తిరుగవేసిన సచిత్రగ్రంథములలో నాలుగైదింట దానిని చూచితిని. ఎచ్చటను మంచము దగ్గఱ లేదు. కూర్చుండుగదిలో మూలగ నిలిపి, గాజుపలకమీద పూలకుండి యుంచి, గొలుసును చీలయు కనబడకుండ గోడవైపు త్రిప్పియున్నారు.